గొంగడి కప్పిన కంప్యూటర్

బాపుకు,

నీ బిడ్డ నాగరాణి దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ అవ్వ, అమ్మ, నేను, నువ్వు మా మీద విడిచిపోయిన కుంటి గొర్రె, దాని పిల్ల, అందరం మంచిగున్నం. నల్లమల అంచున నువ్వు, మంద, మంద వెనక తిరిగే కుక్క కూడా మంచిగున్నరని నమ్ముతున్న. అక్కడ పొద్దుగూకంగనే చలి మొదలవుతాందని గిరి కాక చెప్పిండు. మెడకు రుమాలు చుట్టుకో.

కాక రేపు తెల్లారంగనే బియ్యం, పప్పు, కారంపొడి పట్టుకొని నీ కాడికి బయలుదేరుతున్నడు. ఈ ఉత్తరం ఆయన సంచిలోనే వస్తది. ఫోన్ చేస్తే అయిపోదా అని అమ్మ అంటది. నువ్వు గుట్ట ఎక్కితేనే సిగ్నల్ అందుతది, అందినంక కూడా నువ్వు "ఊ" తప్ప ఇంకో మాట అనవు. ఉత్తరమైతే మంద పండుకున్నంక పొయ్యి వెలుతురులో మళ్లమళ్ల చదువుకుంటవని కాకనే చెప్పిండు. అందుకే ఈసారి పొడుగ్గ రాస్తున్న.

నీ చిట్టీ అందింది. అడిగినవాటికి జవాబు చెప్త. కుంటి గొర్రె కాలికి నువ్వు చెప్పినట్టే పసుపు, వేపనూనె కలిపి పెట్టినం. ఇప్పుడు నాలుగు కాళ్లు ఆనిచ్చి నడుస్తాంది. అమ్మ కనవడితే మాత్రం మళ్లీ కుంటుతది. తవుడు కోసం యాక్టింగ్ అన్నట్టు. నా చదువుకు ఫికర్ లేదు. నార్కట్‌పల్లి కాలేజీకి రోజూ పోతున్న. ఈ మధ్య నాకు ఒక పిచ్చి పట్టింది బాపు. ఏ మాట విన్నా దాన్ని చేతిలో పట్టుకొని తిప్పి తిప్పి చూడాలనిపిస్తది. మా తెలుగు సారు "ప్రవాహం" గురించి పాఠం చెప్పిన రోజు ఇంటికొచ్చి అవ్వను అడిగిన, దీన్ని మనం ఏమంటమని. "పారుడు" అన్నది. నీళ్లు పారుతయి, నిజమే. కాని అర ఎకరం పొలం తడిస్తే "అద్దెకరం పారింది" అని కూడా అంటం కద. పొలం ఉన్న జాగాలోనే ఉంటది, అయినా పారుతది. ఎవరు కనిపెట్టిండ్రో ఈ మాటను. ఆ రోజంతా నాకు అదే సంబరం.

ఇంక నువ్వు అడిగినవాటిలో రెండు మిగిలినయి. ఆ కంప్యూటర్ డబ్బ బాగుపడ్డదా, లేకుంటే సైఫ్‌కు వాపసు ఇచ్చెయ్యి అన్నవ్. అవ్వ కంటి ఆపరేషన్‌కు ఒప్పుకున్నదా అని అడిగినవ్. ఈ రెండింటికి ఒక్కటే జవాబు. అది జర పెద్దది.

పోయిన ఉత్తరంలో కంప్యూటర్ మెల్లగ నడుస్తాంది, వీడియోలు ఆగుతున్నయి అని మాత్రమే రాసిన. అందులో మేం ఏం చూస్తున్నమో రాయలే. ఇప్పుడు రాస్తున్న. తాతను చూస్తున్నం.

నువ్వు మందతోని పోయిన కొన్ని రోజులకు గిరి కాక ఫోనుకు ఎవరో ఒక వీడియో పంపిండ్రు. పెండ్లిళ్లకు వీడియోలు తీసే ఒకాయన ఆలేరు దిక్కు ఒక ఊర్లో మనోళ్ల పండుగకు పోయి, మన తాత ఒగ్గు నర్సింహ చెప్పిన కథను కెమెరాల పట్టిండట. ఆయన కొడుకు ఇప్పుడు పాత క్యాసెట్లన్నీ నెట్టులో పెడుతున్నడు. కాక మొదలు చూసి, "మా పెద్దనాయినే" అనుకుంట మన ఇంటికి ఉరికొచ్చిండు. నేను పుట్టకముందే పోయిన తాత, ఇంట్లో ఒక్క ఫొటో లేని తాత, కాళ్లకు గజ్జెలు కట్టుకొని, భుజం మీద నల్ల గొంగడి వేసుకొని నిలవడి ఉన్నడు. ముక్కు నీ ముక్కే.

అవ్వకు ఫోన్లో ఏం కనవడలే. నీకు తెలుసు కద, ఎడమ కన్ను ఎప్పుడో పోయింది, కుడి కంటికి పొర. కంప్యూటర్ తెర పెద్దది కాబట్టి దాని ముందుకు ముక్కు ఆనిచ్చి కూసుంటే మసకగనన్న కనవడుతది. మొదటి రోజు తాత గొంతు ఇనంగనే లేచి లోపలికి పోయి, దండెం మీద ఉన్న తాత గొంగడి తెచ్చింది. తెర పక్కన ఉండే పెద్ద డబ్బ ఉన్నది కద, దాని భుజాల మీదికెళ్లి కప్పింది.

"ఆయన ఇంటికొచ్చి కూసున్నడు. ఉత్త భుజాలతోని ఎట్ల కూసుంటడు?" అన్నది.

ఇగ నల్లగొండ దవాఖాన సంగతి. డాక్టరు పొర ముదురుతాంది, ఇంకా ఆలస్యం చేస్తే కష్టమని చెప్పిండు, వచ్చే మంగళవారం రమ్మన్నడు. అవ్వ ఒక్కటే మాట. "ఉన్నదే ఒక్క కన్ను. దానికి కత్తి పెట్టేముందు ఆయన కతను తుదిదాంక ఒక్కసారి సూస్త. సూసినంక కన్ను ఉంటే ఉన్నది, పోతే పోయింది." అమ్మ బతిమిలాడింది, కాక కోపం చేసిండు. అవ్వ గోడ దిక్కు తిరిగి పండుకున్నది.

అయితే ఆ తుది వస్తనే లేదు బాపు. తాత కథ చెప్పుకుంట చెప్పుకుంట నడుమ ఒక పిట్టకథ ఎత్తుకుంటడు. అది తాత సొంతంగ కట్టిందని, దాని తుది తను కూడా ఎన్నడు ఇనలేదని అవ్వ చెప్పింది. ఒక మందలో ఒక నల్ల గొర్రె. పొద్దుగూకి మంద ఇంటికి మళ్లుతాంటే, అది రోజూ ఒక్క జాగాలోనే ఆగుతది. ఎండిపోయిన వాగు ఒడ్డు. కొడితే కదలదు, పిలిస్తే కదలదు. మందను కాసే పిలగాడు ఎందుకు ఆగుతాందని వెనక్కి పోతడు. సరిగ్గ అక్కడికి రాంగనే మన కంప్యూటర్ కూడా ఆగుతది. తాత చెయ్యి గాలిలో, నోరు సగం తెరిచి, నడుమ తెల్ల చక్రం తిరుగుకుంట.

అవ్వ తెరకు ముక్కు ఆనిచ్చి, "రాట్నం తిరుగుతాంది గని నూలు ఎల్తలేదు" అన్నది.

మళ్లీ ఆ జాగా నుంచే పెడ్దామంటే ఒప్పుకోదు. "కతను నడుమల నుంచి ఎవలన్న ఇంటరానే? దేవునికి మొక్కిన కాడ నుంచి పెట్టు." ఆగినప్పుడల్ల మళ్లీ మొదటికి. నేను ఒక్కదాన్నే ఫోన్లో తుది చూసొచ్చి చెప్త అంటే, నా చెయ్యి తన తల మీద పెట్టుకొని ఒట్టు వేయించుకున్నది. తన కంటే ముందు ఎవరూ చూడొద్దు.

ఆగుడుకు అవ్వ దగ్గర ఒక కారణం కూడా ఉన్నది. "మీరెవలు ఊ కొడ్తలేరు. ఊ కొట్టెటోడు లేకుంటే ఆయన సెప్పడు. బతికున్నప్పుడు గూడ గంతే." అప్పటి సంది కంప్యూటర్ ముందు ముగ్గురం కూసొని ఊ కొట్టినం. వాకిట్లకెళ్లి పోయేటోళ్లు తొంగిచూసి నవ్విండ్రు. అయినా ఆగింది.

నేను సైఫ్ అన్నకు ఫోన్ చేసిన. నార్కట్‌పల్లిలో నెట్టు దుకాణం మూసినప్పుడు ఈ డబ్బ మనకు ఇచ్చింది ఆయనే కద. "అది ముసల్ది చెల్లే, మీ అవ్వ కంటే జర చిన్నది గంతే. ఊకె కంప్యూటర్‌ను అనకు, ముందుగాల నెట్ లైన్ చూసుకో" అన్నడు.

లైన్ అంటే ఏందని అమ్మ అడిగింది. వీడియో ఎక్కడో దూరాన పెద్ద పెద్ద కంప్యూటర్లలో ఉంటది, తీగలో పడి మన ఇంటిదాంక వస్తది, మన డబ్బ దాన్ని బొమ్మగ మార్చి తెర మీద చూపెడ్తది అని చెప్పిన.

"బాయి, కాలువ, మడి అన్నట్టు" అన్నది అమ్మ.

"ఆ, గంతే."

"అయితే బాయి కాడికెళ్లి కాలువెంబడి నడుసుకుంట రా. నీళ్లు యాడ నిలిసినయో ఆడ దొరుకుతది."

కాలేజీలో ఎవరూ నాకు ఇంత సాఫ్‌గ చెప్పలే. అట్లనే చేసిన. తాత వీడియోనే నా ఫోన్లో పెట్టి, ఇంట్ల అదే వైఫై మీద, ఒట్టు తప్పకుండ మొదటి భాగం వరకే చూసిన. నిమ్మళంగ పారింది. అంటే బాయిలో నీళ్లు ఉన్నయి. వైఫై తీసేసి, సైఫ్ అన్న ఇచ్చిన తీగను కంప్యూటర్‌కు నేరుగ పెట్టిన. అయినా ఆగింది. అప్పుడు ఒక వింత కనవడ్డది. వీడియో కింద ఒక గీత ఉంటది బాపు. చూసినంత ఎర్రగ, ముందుగాలనే వచ్చి జమ అయిన భాగం బూడిదరంగుల ఉంటది. అవ్వ వడికేముందు ఉన్ని ఏకి పక్కన కుప్ప పెట్టుకునేది కద, అసువంటిదే. మామూలుగ ఆ కుప్ప అయిపోతే వీడియో ఆగాలె. మన దాంట్లో బూడిదరంగు గీత ఎంతో ముందుకు నిండి ఉన్నది, అయినా తాత ఆగిండు. కుప్ప ఉన్నది, చెయ్యి ఆడుతలేదు.

అంటే కాలువ కూడా మంచిదే. మడి తాగుతలేదు.

ఆ రోజు నాకు నిద్ర పట్టలేదంటే నమ్ము. బాధతోని కాదు, ఏమై ఉంటదా అన్న ఆత్రంతోని. తెల్లారి సెలవు. కంప్యూటర్లో ఎంత పని నడుస్తాందో చూపెట్టే ఒక పట్టిక ఉంటది, సైఫ్ అన్న దాన్ని ఎట్ల తెరవాల్నో చెప్పిండు. చూస్తే, మనం తెరవకుండనే ఏవేవో నడుస్తున్నయి. నెట్టు దుకాణం నాటి ఆటలు, టైపింగ్ నేర్పేది, ఏ దేశం భాషనో తెలవని ఒక గడియారం. అన్నీ తీసేసిన. వీడియోలు చూసే బ్రౌజర్ పాతబడ్డది, కొత్తది వేసిన. జర నయమైంది. ఆగే జాగా కొద్దిగ ముందుకు జరిగింది. పిలగాడు వాగు ఒడ్డుకు చేరుకున్నడు. మళ్లీ రాట్నం.

బొమ్మ నాణ్యత తగ్గించి చూడమన్నడు సైఫ్ అన్న. తగ్గిచ్చిన. ఆగలే కని, అవ్వ తెర దిక్కు చూసి, "గీయన ఎవలు?" అన్నది.

"తాతనే."

"తాత మొగం గిట్ల కలిపిన జొన్న గడ్క లెక్క ఉంటదా? మంచిగ పెట్టు."

సైఫ్ అన్నకు మళ్లీ చేసిన. ఇంక దాని ఆయుష్షు అయిపోయింది, అవ్వకు ఏదో ఒకటి చెప్పి ఊకుంచు అన్నడు. ఏదో ఒకటి చెప్పుడు నాకు చేతగాలే. మంగళవారం దగ్గర పడుతాంది.

అంతలో వానలు వెనకపట్టి ఎండ గట్టిగ కొట్టింది. అమ్మ ఇంట్ల ఉన్న బొంతలు, చెద్దర్లు అన్ని తెచ్చి ఎండకేసింది. ఆ రోజు నేను ఇంకేం తోచక, తీగ పీకి మళ్లీ వైఫై పెట్టి, ఆ వైఫై డబ్బను కిటికీ కాడికెళ్లి తీసి గూట్లో పెట్టిన. పెట్టి వీడియో మొదలుపెడితే, నమ్మవు, తాత ఆగకుండ చెప్తున్నడు. గొర్రె ఆగిన కాడ ఆగలే. పిలగాడు వాగులోకి దిగిండు, గొర్రె పక్కన కూసున్నడు, అది ఎటు చూస్తాందో తను కూడా అటే చూసిండు. అవ్వ నా మోకాలు గట్టిగ పట్టుకున్నది. అప్పుడే కరెంటు పోయింది, పండుకునేదాంక రాలే.

పోతే పోయింది అనుకున్న. సైఫ్ అన్నకు ఫోన్ చేసి గొప్పగ చెప్పిన, "అన్నా, వైఫై జాగా మార్చిన, రోగం దొరికింది" అని. "నువ్వే ఇంజనీర్‌వి, నా దుకాణం ఉండుంటే నీకే ఇస్తుంటి" అన్నడు. తెల్లారి పెడితే, గొర్రె ఆగకముందే ఆగింది.

నాకు ఏడుపొచ్చింది. వైఫై గూట్లోనే ఉన్నది, ఏం కదిలియ్యలే. మరి నిన్నకు ఇయ్యాలకు తేడా ఏంది? కాలేజీకి పోయే బస్సులో అదే అనుకున్న, సారు పాఠం చెప్తున్నా అదే అనుకున్న. ఇంటికొచ్చి మళ్లీ వీడియో పెట్టి, అది ఆగినంక, అవ్వ ఎట్ల కూసుంటదో అట్ల కంప్యూటర్ ముందు కూసొని చూసిన. తెర, తీగలు, స్పీకర్లు, డబ్బ మీద తాత గొంగడి. గొంగడి. నిన్న అది అక్కడ లేదు. బొంతలతోని పాటు దండెం మీద ఎండుతుండె.

గొంగడి కిందికి చెయ్యి పెట్టిన. పొయ్యి మీది మూకుడు లెక్క కాలింది.

మొదటి రోజు సంది అది మా కండ్ల ముందే ఉన్నది. తీగ తీగను వెతికిన నేను దాన్ని చూడలే, ఎందుకంటే అది నాకు కంప్యూటర్ మీద కప్పిన గుడ్డలెక్క కనవడలే, తాత లెక్క కనవడ్డది. పైగ డబ్బ కాలుతాందని ఒకసారి నేనే అన్నప్పుడు, అవ్వ గొంగడిని ఇంకా కిందిదాంక గుంజి కప్పింది. "ఎండల మీ బాపు ఏం కప్పుకుంటడు? గొంగడే గద. సలిని ఆపుతది, ఎండను ఆపుతది." మనోళ్లు కాకుంటే ఇంకెవరూ ఈ పని చేసి ఉండరు బాపు. గొంగడి బయటి వేడిని లోపలికి రానియ్యదు, అది నిజమే. కని ఈ డబ్బకు వేడి లోపలనే పుడుతది. దాని వెనక, పక్కన ఉన్న తొర్రలకెళ్లి ఒక ఫ్యాను ఆ వేడిని బయటికి ఊదాలె. అవన్నీ మూసుకపోయినయి. వేడి ఎక్కువైతే యంత్రం తన పానం కాపాడుకోనికి తనే పని తగ్గిస్తదట. ఎండ ముదిరితే మంద నడక ఆపి, ఒకదాని పొట్ట కింద ఒకటి తల పెట్టుకొని నిలవడుతది చూడు, అచ్చం అట్లనే. చిన్న వీడియో అయితే వేడెక్కకముందే అయిపోతది. తాత కథ పొడుగు కద. గొర్రె ఆగే జాగాకు వచ్చేసరికి డబ్బకు ఊపిరాడకపోతుండె. ఆగినప్పుడల్ల మొదటికెళ్లి పెట్టుడుతోని ఇంకా కాగుతుండె.

కరెంటు తీగ పీకేసి, పక్కన రేకు విప్పిన. ఫ్యాను చుట్టూ నల్లటి పొర, మెత్తగ, చాప లెక్క అల్లుకొని ఉన్నది. పాత గొంగడి కద, ఉన్ని రాలుతది. ఫ్యాను దాన్ని లోపలికి గుంజుకున్నది. పాత పళ్ల బ్రష్షుతోని, సైకిల్ పంపు గాలితోని మెల్లగ తీసిన. నా గుప్పిట నిండింది.

ఇప్పుడు అవ్వకు ఎవరు చెప్పాలె? అమ్మను అడిగితే, "నేనైతే చెప్ప. అత్తకు చెప్పి కోడలు బతికిందా? నువ్వే చెప్పుకో, మనుమరాలివి" అన్నది. తాతకు మర్యాద చెయ్యాలని కప్పిన గొంగడే తాతను ఆపిందని ఎట్ల చెప్పుడు? మాటలంటే ఇంత పిచ్చి ఉన్న నాకు ఆ ఒక్క మాట దొరకలే. పోయి ఆ ఉన్నిని అవ్వ చేతిలో పెట్టిన.

అవ్వ వేళ్లతోని నలిపింది. ఒక పోగు తీసి తొడ మీద వడి పెట్టింది. "ఇది నేను వడికిన నూలే. యాడికెళ్లి తెచ్చినవ్?" అన్నది.

చెప్పిన. అంతా చెప్పిన. అవ్వ ఇనుకుంట ఆ పోగును వడి పెడుతనే ఉన్నది. తర్వాత, "గా మనిషి బతికుండంగ గూడ గంతే. గొంగడి కప్పుకున్నడంటే ఇగ లేవడు, కత సెప్పడు. నేను గుంజి లేపుతుంటి" అన్నది. అమ్మ వంటింట్లకెళ్లి నవ్వింది, అవ్వ కూడా నవ్వింది. లేచి డబ్బ మీది గొంగడి తీసి తన భుజాల మీద కప్పుకొని కూసున్నది. "పెట్టు మొదటికెళ్లి."

బాపు, ఇంతవరకు రాసింది కంప్యూటర్ సంగతి. బాగుపడ్డది, సైఫ్ అన్నకు వాపసు ఇయ్యాల్సిన పని లేదు. ఇగ అసలు సంగతి. దీన్ని ఇందాకటి సంది వెనక్కి నూకుతున్న.

నిన్న పగటి అన్నం తిన్నంక పెట్టినం. ఆగలే. గొర్రె ఆగింది, పిలగాడు వాగులోకి దిగిండు, దాని పక్కన కూసున్నడు. అవ్వ ఊ కొడుతాంది, నేను ఊ కొడుతున్న. తెరలో కూడా ఎవరో ఒకరు ఊ కొడుతున్నరు, డోలు వెనక, సగమే కనవడుకుంట, తాళాలు పట్టుకొని ఒక సన్నటి పడుచు మనిషి. ఇన్ని రోజులు మేం ఆ మనిషిని చూడలే, తాతనే చూసినం. తాత కథ ఆపిండు. యంత్రం ఆపుడు కాదు, తనే ఆపిండు. భుజం మీది గొంగడి తీసిండు. ఆ పడుచు మనిషిని చెయ్యి పట్టి ముందుకు తెచ్చి, గొంగడి ఆయన భుజం మీద వేసి, జనంతోని అన్నడు: "నా గొంతు అలిసింది. గీ గొర్రె ఎందుకు ఆగిందో నా కొడుకుకు ఎరుక. ఇంక మీది కత ఆడు చెప్తడు."

అమ్మ చేతిలో చాట పట్టుకొని తలుపు కాడ నిలవడి ఉండె. "గా నిలవడుడు సూడు. ఒక కాలు మీద బరువేసి. మీ బాపే" అన్నది.

నువ్వే బాపు. మీసం కూడా సరిగ్గ రాలే. గొంగడి నీకు పెద్దగైంది. జనం దిక్కు చూసినవ్, తాత దిక్కు చూసినవ్, నోరు తెరిచినవ్. "ఆ గొర్రె..." అన్నవ్. అంతే. తెర నల్లగైంది.

"మల్ల ఆగింది. బాగు చెయ్యి" అన్నది అవ్వ.

గీత చూసిన. తుదిదాంక ఎర్రగ ఉన్నది. "ఆగలే అవ్వా. అయిపోయింది. ఆయన క్యాసెట్టు గంతవరకే" అన్న.

"కత అయిపోలే గద."

"వీడియో అయిపోయింది."

"కత అయిపోలే" అన్నది అవ్వ. ఆ వీడియో తీసిన రోజు అవ్వ ఆ ఊరికి పోలేదట. చిన్నత్త కాన్పు ఉండెనట. కొడుకు భుజం మీద గొంగడి వేసిండని తాత ఇంటికొచ్చి చెప్పిండు గని, తన కంటితోని చూడలేదట. కొన్నాళ్లకే తాత పోయిండు. నువ్వు గొంగడి దండెం మీద పెట్టి మందతోని పోయినవ్. "ఆనాటి సంది ఆడు నోరిప్పలే. నేను సూడాలనుకున్నది మీ తాతనే కాదు బిడ్డా" అన్నది. అమ్మ చాట కింద పెట్టి, "నాతోని లగ్గమైనంక ఒక్క పాట పాడలే. గొర్లకు వేసే ఈల తప్ప నాకేం తెల్వదు" అన్నది. కోపంగ అన్నదో ఏమో అనుకున్న, కాదు. మళ్లీ పెట్టుమన్నది, ఆ తుది ఒక్కటి. అవ్వ కూడా వద్దనలే. మస్తు సార్లు పెట్టిచ్చుకున్నరు ఇద్దరు.

నువ్వు ఎందుకు మానేసినవో నేను అడగ. అది నీ సంగతి. కని అవ్వ మళ్లీ మొండికేసింది. కథ తుది వినలే కాబట్టి దవాఖానకు రాదట. లైను మంచిగున్నది, డబ్బ మంచిగున్నది. ఈసారి ఆగింది ఎక్కడనో నాకు తెలుసు, అక్కడికి నా చెయ్యి అందదు.

అప్పుడు నేనొక పని చేసిన. నిన్ను అడగకుండ నీ మాట ఇచ్చిన. "మిగిలిన కత బాపు కాడ ఉన్నది అవ్వా. నువ్వు ఆపరేషన్ చేపిచ్చుకో. తెల్లారి కట్టు విప్పే యాళ్లకు బాపు దవాఖానకు వచ్చి, నీ పక్కన కూసొని చెప్తడు" అన్న. అవ్వ నా మొగం దిక్కు చాలాసేపు చూసింది. ఏం కనవడ్డదో తెలవదు.

"ఒస్తడా?"

"వస్తడు."

"అయితే డాక్టరు నా కట్టు ఇప్పుతడు, ఆడు నోరిప్పాలె. లేకుంటే నీ సంగతి జెప్త" అన్నది. మంగళవారానికి ఒప్పుకున్నది. తన డబ్బీలో ఆకులు, వక్కలు సర్దుకుంటాంది. దవాఖానల నమిలియ్యరని చెప్తే, వాసన చూస్తనన్నది.

బుధవారం పొద్దుగాల కట్టు విప్పుతరు. గిరి కాక నీ కాడికి రాంగనే నువ్వు దేవరకొండ బస్సు ఎక్కితే నల్లగొండకు అందుకుంటవు. మంద కాడ తను ఉంటనన్నడు, నీ కుక్కకు తనంటే పడదు, అదొక్కటే భయమన్నడు. కాక భుజం మీద తాత గొంగడి వస్తాంది. దులిపి, ఎండకేసి పంపుతున్నం. అవ్వనే మడతపెట్టింది. కంప్యూటర్‌కు ఇంక దాంతోని పని లేదు. బస్సుల చలి పెడితే కప్పుకో.

కోపం వస్తే ఇంటికొచ్చినంక నన్ను తిట్టు. రాకుండ మాత్రం ఉండకు. నేను ఆ వీడియో చూసిన కాడికెళ్లి, నడుస్తున్నా తింటున్నా ఒక్కటే ఆలోచిస్తున్న. అవ్వ చెప్పుమంటదని కాదు, నాకే తెలుసుకోవాలని ఉన్నది. ఎండిపోయిన వాగు, నీళ్లు లేవు, గడ్డి లేదు. రోజూ అదే జాగా.

ఆ గొర్రె ఎందుకు ఆగింది బాపు?

ఇట్లు,
నల్లగొండ దవాఖానలో అవ్వ మంచం పక్కన ఊ కొట్టనికి కూసుండే
నీ బిడ్డ,
నాగరాణి